మూడు కిలోల మూట

బేస్తవారిపేట పేరులోనే ఒక బేస్తవారమూ, ఒక పేటా వున్నాయి. గురువారాన్ని బేస్తవారమనడం పట్టణాలలో తగ్గిపోతున్నా, యీ వూరు ఆ మాటను బస్సు బోర్డులమీద నిలబెట్టుకున్నది. సాయంత్రం యెండ చల్లబడ్డాక యిక్కడ బయలుదేరి, దారిలో ఏదో ఒక పల్లెలో తెల్లవార్చి, ప్రొద్దున్నే కంభం చెరువు కట్ట యెక్కడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. "బస్సులుండగా యీ నడకేమిటండీ?" అని అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు. "ఒంటరిగా వెళ్లి రాత్రి పడుకోవాలంటే ఏమేం కావాలి?" అని అడిగేవారికి మాత్రం వుంది.

తోడు లేనివాడి మూట మరొకరు పంచుకోరు. ఆ సంగతి మన యాత్రికులకు తెలియంది కాదు. 1830 మే 18వ తేదీన చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు యీ నల్లమల దాటే శ్రీశైలం వెళ్లారు. ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం, బోయీలు, డేరాలు. అంత వైభోగం మనకెక్కడిది? మనకు అమెరికాలోని మామ్మగారు ఎమ్మా గేట్‌వుడ్ మేలు. పదకొండుగురు బిడ్డల తల్లి. 1955లో, అరవై యేడేళ్ల వయసున, అపలేచియన్ కొండల బాట మూడువేల పైచిలుకు కిలోమీటర్లూ ఒంటరిగా నడిచింది. ఆమె సామానల్లా తన చేత్తో కుట్టుకున్న గుడ్డసంచి, ఒక కంబళి, వానకోటు, స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర. డేరా లేదు. కాళ్లకు కాన్వాసు జోళ్లు.

యిప్పుడు దుకాణాలవాళ్లు చూపే పెద్ద వీపుసంచీ, డేరా, పడకసంచీ కొంటే ఆ మూడే అయిదారు కిలోలు తూగుతాయి. డబ్బు సంగతి సరేసరి. నేను ప్రతి వస్తువునూ మా వీధి కిరాణా కొట్టు కాటాలో పెట్టి తూచాను. కొట్టాయన నవ్వాడు కాని తూకం సరిగానే చెప్పాడు. దర్జీచేత రెండు పట్టీలు వేయించిన ఖద్దరు సంచి మూడు వందల గ్రాములు. యెరువుల సంచులు ఉతికి, విప్పి, కలిపి కుట్టించిన బరకం నాలుగు వందల యాభై. ఒంటిమనిషి దోమతెర మూడు వందల యాభై. పలచని దుప్పటి అర కిలో. పంచె మూడు వందలు. తువాలు, టార్చి కలిపి రెండు వందలు. అటుకులు, వేయించిన వేరుశనగలు, బెల్లం, ఒక పొట్లం పులిహోర కలిపి యేడు వందలు. సెల్‌ఫోనూ, మందు బిళ్లలూ వేసుకున్నా మూడు కిలోలు దాటలేదు. పొయ్యి, గిన్నెలు లేవు. ఒక్క రాత్రికి వంటేమిటి?

పంచె సంగతి వేరే చెప్పాలి. కట్టుకుంటే బట్ట, కప్పుకుంటే రెండో దుప్పటి, నాలుగు మడతలు వేస్తే తలగడ, చెరువులో మునిగాక తుడుచుకునే గుడ్డ కూడా అదే. యీ ప్రాంతపు గొర్లకాపరుల గొంగడి యింతకంటె ఘనమైనదే. చలికీ వానకూ అదే యిల్లు. కాని బరువెక్కువ. పైగా ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను తాగుతుంది, నిజంగా తడిసిందా మొయ్యలేము. గొర్లు వెంట వున్నవాడికి తప్పదు, మనకు మాఘమాసంలో కూడా దుప్పటీ పంచే చాలు.

యిన్ని తగ్గించడం దేనికంటారా? నీళ్లకోసం. లీటరు నీళ్లు కిలో. దాన్ని తేలిక చేసే కంపెనీ యేదీ యింకా పుట్టలేదు. యిది వానలు తక్కువ పడే సీమ. మాఘం వెళ్లేసరికే వాగులు యెండుతాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడు పీడ యీ పల్లెలకు తరతరాలది. ఒక పూట తాగితే మనకేమీ కాదు కాని, నడినెత్తిన యెండలో దాహమైనప్పుడు బోరు పనిచేస్తూ వుంటుందన్న హామీ యెవరిస్తారు? అందుకని మూడు లీటర్లు నా వీపుమీదే. స్టీలు సీసా ఒక్కటీ మూడు వందల గ్రాములు తూగితే, సోడాబుడ్ల కొట్టులో నీళ్లతో కొన్న ప్లాస్టిక్ సీసా ముప్పై గ్రాములు కూడా తూగదు. మూట మూడు కిలోలు, నీళ్లు మూడు కిలోలు. ఆ లెక్క తప్పనివ్వను.

తగ్గించగూడనివి కూడా వున్నాయి. దోమతెర దోమలకే అనుకోకండి. కట్లపాము రాత్రులు తిరిగేది. నేలమీద నిద్రపోయేవారిని కరుస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెర అంచులు బరకం కిందికి గట్టిగా మడిచిపెడితే దానికి దారి వుండదు. మూడు వందల యాభై గ్రాములు ప్రాణానికి యెక్కువా? అలాగే జోళ్లు. సర్కారు తుమ్మముల్లు పలచని చెప్పులోంచి నేరుగా పాదంలోకి దిగుతుంది. కనక అడుగు మందంగా వుండాలి, కాని జోడు బరువుగా వుండగూడదు. కాలిమీది బరువు వీపుమీది బరువుకంటె నాలుగైదు రెట్లు అలసట తెస్తుందని శరీరశాస్త్రజ్ఞులు కట్టిన లెక్క.

డేరా లేకుండా పడుకునేదెక్కడ? పల్లె గుడి మండపంలో, పూజారిగారినో పెద్దమనిషినో అడిగి. యెవరో తెలియని మనిషి చీకట్లో వచ్చి పడుకుంటే వూరికి అనుమానం రావడం న్యాయమే. కాబట్టి దీపాలు పెట్టే వేళకే చేరాలి, యింటికి ఫోను చేసి వూరిపేరు చెప్పాలి. నల్లమల అడవిలోకి మాత్రం యీ మూటతో ఒంటరిగా పోకండి. 1983నుంచి అది పులుల సంరక్షణ ప్రాజెక్టు కిందిది. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం నడిచిపోయే భక్తులు గుంపులుగా పోయేది వూరికే కాదు. దోర్నాల ఘాటులో రాత్రిపూట వాహనాలనే వదలరు.

కంభం చెరువును గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట అది. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. కట్టమీదికి చేరేసరికి నా సీసాల్లో అర లీటరు మిగులుతుంది. బెల్లంముక్క నమిలి ఆ నీళ్లు తాగి, పంచె తీసుకొని మెట్లు దిగుతాను.