మా వసారాలో దెయ్యం

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. అక్టోబర్ 31, గురువారం. హాలోవీన్ తేదీ మారదు, మన అమావాస్య ఏటా జరుగుతుంది. అందుకే ఎప్పుడో గానీ ఆ రెండూ కలవవు.

ఆ ఏడు మాకు పండగ లేదు. తాతయ్య పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. నేను హాస్టల్ నుంచి అంబాజీపేట దగ్గర అమ్మమ్మ వాళ్లింటికి చేరేసరికి డాలస్ నుంచి అక్క, నాలుగేళ్ల మేనల్లుడు దిగి ఉన్నారు. వాడి బాధ ఒకటే. అక్కడ వాళ్ల వీధి పిల్లలంతా వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి వెళ్తారు, ఇక్కడ వాడికి ఏమీ లేదు. "మావయ్యా, మనం కూడా ఇల్లు డెకరేట్ చేద్దామా?" అన్నాడు. టపాసులూ లేక, అదీ లేక వాడేం చేస్తాడు? సరేనన్నాను.

తియ్యగుమ్మడికాయ ఒకటి తెచ్చాను. వాడి చేతికి కత్తి ఇవ్వలేం కదా. కాయ కొయ్యకుండా నల్లకాగితంతో కళ్లు, పళ్లు కత్తిరించి అన్నం మెతుకులతో అంటించాం. లోపల కొవ్వొత్తి గొడవే లేదు. కొబ్బరాకుతో పాములు అల్లాను. కొబ్బరికాయకి మూడు కళ్లు ఎలాగూ ఉంటాయి, చుట్టూ ముగ్గుపిండి రాస్తే అచ్చం పుర్రె. వాడికి మాత్రం కోతులని చెప్పాను. నాలుగు కోతుల్నీ అరుగు మీద వాడే వరసగా పేర్చాడు.

అక్కడితో ఆగితే సరిపోయేది. నాకు ఉత్సాహం ఎక్కువైంది. పెట్టెలో ఉన్న పాత తెల్లపంచె తీసి, పైన ముడేసి, వసారాలో వాలుకుర్చీ మీదకి వేలాడేలా దూలానికి కట్టాను. చీకటి పడే వేళకి గాలికి ఊగుతుంటే భలే కుదిరిందనుకున్నాను. మేనల్లుడు చూసి అక్క చీర పట్టుకుని దాక్కున్నాడు. అంతలో పెరట్లోంచి అమ్మమ్మ వచ్చింది. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ కుర్చీ తాతయ్యది. పంచె కూడా ఆయనదే.

అమ్మమ్మ తిట్టి ఉంటే బాగుండేది. "తీసెయ్యి నాన్నా" అని మాత్రం అంది.

వాడి వయసులో నేను బడికి వెళ్లే దారిలో, కడుతున్న ఇంటికి వేలాడదీసిన దిష్టిబొమ్మ ఎదురైతే కళ్లు మూసుకుని పరుగెత్తేవాణ్ని. అదెలా మర్చిపోయానో! మేనల్లుణ్ని ఎత్తుకుని ముడి వాడి చేతే విప్పించాను. జారి వాడి మీద పడింది. "క్లాతే!" అని నవ్వాడు.

కాసేపటికి అమ్మమ్మే అడిగింది, "ఇంతకీ వాళ్లు ఈ పండగ ఎందుకు చేస్తారే?" అని. ఐర్లండ్ వైపు పూర్వం ఈ రోజుల్లో పోయినవాళ్లు ఇళ్లకి వస్తారని నమ్మేవారనీ, దుంపలు తొలిచి దీపం పెట్టేవారనీ, అమెరికా వెళ్లాక ఆ దుంపల చోట గుమ్మడికాయలు వచ్చాయనీ అక్క చెప్పింది.

"మరి మన దివిటీలు ఎందుకనుకున్నారు? పెద్దలకి దారి చూపించడానికే కదా" అంది అమ్మమ్మ.

చిన్నప్పటి నుంచీ దివిటీలు కొడుతున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

అమ్మమ్మ పక్కింట్లో రెండు గోగుకాడలు అడిగి తెచ్చింది. నా ఒళ్లోంచి పంచె తీసుకుని అంచు దగ్గర పట్టి చించింది. ఆ చప్పుడుకి అక్క, నేను ఇద్దరం తలెత్తాం. "పండగ మనకి లేదు గానీ, ఆయనకి దారి చూపించొద్దని ఎవరన్నారు?" అంటూ పేలికలు కాడలకి చుట్టి నూనెలో ముంచింది.

బకెట్ నీళ్లు పక్కన పెట్టుకుని, మేనల్లుడి చెయ్యి నా చేతిలో ఉంచి దివిటీ కొట్టించాను. తర్వాత కాళ్లు కడిగి, నోట్లో బెల్లంముక్క పెట్టింది అమ్మమ్మ. మాక్కూడా పెట్టింది.

మర్నాడు గుమ్మడికాయ ముఖం పీకేసి దప్పళం పెట్టేసింది. కోతులు మాత్రం వాడు డాలస్ వెళ్లేదాకా అరుగు మీదే ఉన్నాయి.