గోడకు 5 అంగుళాలే

మా అమ్మీ ఇషా నమాజ్ తర్వాత నీళ్ళు ముట్టడం మానేసి ఏడాది దాటింది. మోకాళ్ళు పట్టేసి, ఇండియన్ బేసిన్ మీద కూర్చుంటే లేవలేకపోయేది. అర్ధరాత్రి కొడుకునో కూతురినో పిలవాలంటే హయా. అందుకని దాహం ఆపుకునేది. మన బుజుర్గులు ఎంతమంది ఇలా చేస్తున్నారో! నమాజ్‌కి కుర్చీ వేస్తాం గానీ ఈ మాట మాత్రం ఎవరమూ అడగం.

కమోడ్ పెట్టిద్దామని భాయ్, నేను అనుకున్నాం. ఇంట్లో ఉన్నది ఒకే పాఖానా. మేస్త్రీ పాత బేసిన్నీ, దాని కింద నేలలో ఉన్న ట్రాప్‌నీ తవ్వి తీశాడు. ట్రాప్ తీయాల్సిందే. కమోడ్ లోపలే ఒకటి ఉంటుంది, కిందా పైనా రెండుంటే మధ్యలో గాలి చిక్కుకుని నీళ్ళు సరిగ్గా దిగవు. అది తీశాకే అసలు డ్రెయిన్ పైపు కనిపించింది. టైల్ మీద నుంచి పైపు నడిమధ్యకు టేపు పెడితే 5 అంగుళాలు!

దుకాణంలో ఉన్నవన్నీ 9 అంగుళాలవి, 12 అంగుళాలవి. అంటే వెనక ట్యాంకు గోడకు ఆనినప్పుడు, కమోడ్ రంధ్రం గోడకు అంత దూరంలో పడుతుంది. మా పైపు మీద 9 అంగుళాలది కూర్చోవాలంటే ట్యాంకు 4 అంగుళాలు గోడలోకి దూరాలి.

మేస్త్రీ తేలిగ్గా తేల్చేశాడు. "తూర్పు గోడకు తిప్పేద్దాం, అటువైపు చోటుంది." తూర్పు గోడకు వీపు పెడితే మొహం పడమరకు, ఖిబ్లా వైపు. అమ్మీ గుమ్మంలో నిలబడే వింటోంది. "వద్దు నాయనా, అటు మాత్రం వద్దు" అంది. నాలుగు గోడల మధ్య అయితే పర్వాలేదనే ఉలమా ఉన్నారు, మేం హనఫీలం, మాకు ఆ రుఖ్సత్ లేదు. ఉన్నా అమ్మీ దిల్ ఒప్పుకునేది కాదు. మనసు కుదుటపడని చోట ఆమెను రోజూ కూర్చోబెట్టడం ఏం ఖిద్మత్?

దుకాణదారు వంకర కనెక్టర్ చూపించాడు. అది ఒకటీ అరా అంగుళం తేడాకు పనికొస్తుంది. 4 అంగుళాలు లాగితే దారి మలుపు తిరిగి ఫ్లష్ జోరు తగ్గుతుంది, రేపు అడ్డుపడుతుంది. జాయింటు కారిందంటే నేలంతా నాపాకీ. వజూ చేసే కుళాయి కూడా అక్కడే. వద్దన్నాం. నేల పగలగొట్టి పైపు జరపడమంటే వాలు మళ్ళీ కుదరాలి, సిమెంటు ఆరాలి.

భాయ్ ఇంకో రెండు దుకాణాలు తిరిగాడు. 4 అంగుళాల ఎస్-ట్రాప్ కూడా తయారవుతుందట, ఆర్డరిస్తే మూడు రోజుల్లో తెప్పిస్తామన్నారు. అల్‌హమ్దులిల్లాహ్! ఆ మూడు రోజులూ అమ్మీ ఎదురింటి ఆపా వాళ్ళింటికి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ చేతిలో ఏదో ఒకటి, ఓసారి ఖీర్, ఓసారి నాలుగు నిమ్మకాయలు. ఉత్త చేతులతో వెళ్ళడానికి ఆమెకు సిగ్గు.

కమోడ్ వచ్చాక ముందు సిమెంటు లేకుండా ఊరికే పెట్టి చూపించమన్నాం. పైపు మీద సరిగ్గా దిగింది, ట్యాంకు వెనక అంగుళం ఖాళీ మిగిలింది. అది తుడుచుకోవడానికి మంచిదే. బకెట్లతో నీళ్ళు పోసి, కింద తడి లేదని చూసుకున్నాకే చుట్టూ వైట్ సిమెంటు పట్టించాం. కుడి గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీ కూడా వేయించాం. మీరు చేయిస్తే అది మరవొద్దు, కమోడ్ ఎంత అవసరమో అదీ అంతే.

పక్కనే గొట్టం షవర్ ఉన్నా అమ్మీ బద్నా వదల్లేదు. ఆ గొట్టం ఎటు చిమ్ముతుందో, బట్టల మీద ఛీంటే పడితే నమాజ్ ఎలా అంటుంది. బద్నా చేతికి అందేలా మేస్త్రీతో చిన్న గట్టు కట్టించాం.