చెంబెడు గంజి

ఎండాకాలం మధ్యాహ్నాలు మా కడపలో ఎలా ఉంటాయో చెప్పాలా! కంటి ఆపరేషనై అత్త టీవీ చూడకూడదు. అందుకని మా అమ్మాయి తను చదివిన ఇంగ్లీషు నవలని రోజూ కొంచెం కొంచెం తెలుగులో చెబుతుంటే, అత్తా నేనూ చింతపండు కొడుతూ విన్నాం.

నవల పేరు ‘ద హంగర్ గేమ్స్’. సుజాన్ కాలిన్స్ అనే ఆవిడ 2008లో రాసింది. లోకం సగం నాశనమైపోయాక మిగిలిన దేశం. రాజధానిలో విందులు, 12 జిల్లాల్లో ఆకలి. ఏటా ఒక్కో జిల్లా నుంచి 12 నుంచి 18 ఏళ్ల లోపు ఆడపిల్లనొకర్ని, మగపిల్లవాణ్ణొకర్ని చీటీ తీసి పట్టుకుపోయి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు.

“ఇదేం పాడు కథే!” అన్నాను నేను. “చెప్పనీ మే” అంది అత్త.

ఇంట్లో గింజలు లేకపోతే ఆ పిల్లలు ఇంకో చీటీ రాయించుకోవచ్చట. ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని గింజలు, కాస్త నూనె ఇస్తారు. ఏటికేడాది ఆ చీటీలు పోగవుతాయి. అమ్మకీ చెల్లెలికీ తనకీ తిండి కోసం కాట్నిస్ అనే పిల్ల పదహారేళ్లకే 20 చీటీల్లో ఉంది. తీరా చూస్తే, ఒకే ఒక్క చీటీ ఉన్న పన్నెండేళ్ల చెల్లెలి పేరొచ్చింది. అక్క అడ్డం పడి, దాని బదులు నేను పోతానంది.

అత్త చేతిలో చింతపండు అట్లే ఉండిపోయింది.

రొట్టెల అంగడి పిల్లవాడు కావాలని రొట్టె మాడ్చి, తల్లి చేత దెబ్బలు తిని, వానలో ఆ పిల్ల వైపు విసిరే చోటు కూడా బాగుంది. ఆ తర్వాత వాళ్లిద్దరి ప్రేమ నిజమో నటనో తేలక కథ సాగింది. చివర్లో చచ్చిన పిల్లల కళ్లతో తోడేళ్ల లాంటి జంతువులొస్తే నాకు నవ్వొచ్చింది. “బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఇంతకంటే వింతలుండాయి లే” అని అత్త ఆవలించింది. రాసినావిడకి ఆకలి గురించి తెలిసినంతగా మిగతావి తెలియవనిపించింది.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నాక అత్త చెప్పింది.

“1952 కరువులో మా ఊరికాడ గంజి కేంద్రం పెట్టినారు. నాకు ఎనిమిదేండ్లు. చెల్లెలికి జెరం, లేసేది కాదు. దాని పాలు చెంబులో పోసిచ్చేవాళ్లు. తోవలో సగం తాగి, నీళ్లు కలిపి ఇచ్చేదాన్ని. పలచగుందేందక్కా అనేది.”

ఆవిడకో చెల్లెలుండేదని, కాపరానికొచ్చిన ఇరవై రెండేళ్లలో నాకు తెలీదు. ఆ తర్వాతేమైందని అడగలేకపోయాను.

మర్నాడు అత్తే కదిలించింది. “పాపా, ఆ చిన్నపిల్ల బతికిందా కడకు?”

దీనికింకా రెండు భాగాలున్నాయి. 2010లో వచ్చిన మూడో దాంట్లో ఆ చెల్లెలు చచ్చిపోతుందని మా అమ్మాయి ఎప్పుడో నాతో చెప్పి ఏడ్చింది. అది నా వంక చూసింది.

“నేనింకా అంతదాకా చదవలేదు జేజీ” అంది.