మొదట మీటరు, తరువాత బ్యాటరీ

కారు ఆగిపోయినవాడికి సలహాలు ఊరికే దొరుకుతాయి. వెనకటికి ఆ సలహాలన్నీ "తోయండి" అన్న ఒక్క మాటలో ఇమిడిపోయేవి. ఇప్పుడు కాలం మారింది. "తోసుడెందుకు? ఫోన్ కొట్టు. వాళ్లే బ్యాటరీ పట్టుకొచ్చి, నువ్వున్న జాగలనే వేసి పోతరు" అంటున్నారు. నగరాలలో మొదలైన ఈ సౌకర్యం మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల దాకా వచ్చింది. వచ్చింది సరే, దానికి పెట్టే డబ్బు దండగా, సార్థకమా అన్నది ప్రశ్న. దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లను నమ్మవద్దని ముందే మనవి చేస్తున్నాను.

బ్యాటరీ పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. సీసం పలకలు, గంధకామ్లం కలిసిన ఈ పెట్టెను ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు. తొలినాటి మోటారు కార్లకు దీని అవసరం అంతగా లేదు. ముందువైపు హాండిల్ దూర్చి గిర్రున తిప్పితే ఇంజను లేచేది. హాండిల్ ఎదురు తన్నితే తిప్పినవాడి మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టరు 1912 నాటి క్యాడిలాక్ కారులో వచ్చాక ఆ బాధ తీరడం మొదలైంది. మన అంబాసిడర్‌కు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం హాండిల్ తోడుగా ఉండేది. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. ఇవాళ్టి కారుకు హాండిల్ దూర్చే రంధ్రం లేదు. తలుపు తాళం నుంచి ఇంజను లోపలి కంప్యూటరు దాకా అన్నీ బ్యాటరీ మీదే ఆధారపడ్డాయి. అది పూర్తిగా చల్లబడితే పదిమంది తోసినా ప్రయోజనం ఉండకపోవచ్చు. ఇక గేర్లు వాటంతటవే మారే కారైతే తోసి స్టార్టు చేసే మాటే లేదు.

ఇంటర్మీడియట్‌లో ఫిజిక్సు శ్రద్ధగా చదివిన మిత్రులకు ఈ లెక్క తెలిసే ఉంటుంది. కారు బ్యాటరీలో ఆరు గదులు. గదికి 2.1 వోల్టుల చొప్పున, నిండుగా ఉంటే 12.6 వోల్టులు. 12.2కు దిగితే సుమారు సగం ఖాళీ. 10.5 దగ్గర కూర్చుంటే మాత్రం ఒక గది చచ్చిందేమోనని అనుమానించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు దీన్ని దాదాపు 14 వోల్టులతో నింపుతుంటుంది. ఈ నాలుగు అంకెలు పరీక్షలో మార్కులు తెచ్చాయో లేదో గాని, రోడ్డు మీద రూపాయలు మిగులుస్తాయి.

మన ప్రాంతంలో బ్యాటరీలకు ఇద్దరు శత్రువులు. ఒకటి ఎండ. చలికి బ్యాటరీ మొరాయిస్తుంది గాని, దాని ఆయుష్షును నిజంగా తినేది వేడి. 45 డిగ్రీల మే నెల మనకు కొత్త కాదు. రెండోది గల్ఫు. ఇదేం విడ్డూరమనుకోకండి. మేడిపల్లి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా, టార్పాలిన్ కప్పుకుని వాకిట్లో నిద్రపోతున్న కారొకటి కనిపిస్తుంది. యజమాని దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. తాళం వేసి ఉన్నా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, కంప్యూటరు కలిసి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నాయనుకోండి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల చిన్నకారు బ్యాటరీ ఆ లెక్కన నెల తిరిగేసరికి ఖాళీ. ఖాళీగా నెలల తరబడి పడి ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తరువాత ఎంత ఛార్జింగు పెట్టినా పాత సత్తువ రాదు.

మా బావ కారు కథ సరిగ్గా ఇదే. అక్కావాళ్లది మేడిపల్లి. బావ ఏడాదిన్నర తరువాత వచ్చి, రెండు నెలలుండి, తిరుగు ప్రయాణమయ్యాడు. విమానం తెల్లవారుజామున. శంషాబాదు రెండు వందల కిలోమీటర్లకు పైనే. రాత్రి ఏడున్నరకు సామానెక్కించి బయలుదేరాం. కోరుట్ల–జగిత్యాల రోడ్డెక్కగానే హనుమాండ్ల గుడి ముందు ఆపి, ఇంజను బంద్ చేసి, కొబ్బరికాయ కొట్టారు. కాయ చక్కగా రెండు చెక్కలైంది. సెల్ఫు మాత్రం 'టిక్' అని ఊరుకుంది. మళ్లీ కొడితే ఆ టిక్ కూడా లేదు.

తోశాం. లేవలేదు. ట్రాక్టరు మీద పోతున్న పెద్దమనిషొకాయన దిగి, "ఇంట్లకెల్లి వైరు తెండ్రి, నా బ్యాటరీకెల్లి ఇస్త" అన్నాడు. మంచి మనసే. కాని స్టార్టరు వంద, రెండు వందల ఆంపియర్లు లాగుతుంది. ఇంటి వైరు అంత కరెంటుకు కాలిపోతుంది. మందపాటి జంపర్ కేబుళ్లు ఎవరి దగ్గరా లేవు.

ఇన్సూరెన్సు కాగితం మీది సహాయ నంబరుకు ఫోన్ చేశాం. అవతలి గొంతు మేడిపల్లి అనగానే, "ఉప్పల్ దగ్గర కదా సార్?" అంది. హైదరాబాదు అంచున ఇంకో మేడిపల్లి ఉన్న పాపానికి పది నిమిషాలు భూగోళ పాఠం చెప్పాల్సి వచ్చింది. జగిత్యాల జిల్లా అని మూడుసార్లు చెప్పాక, గంటలో మనిషి వస్తాడన్నారు.

ఆ గంట ఎట్లా గడిచిందో గల్ఫుకు మనిషిని పంపిన ఇళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. విమానం తప్పితే పోయేది టికెట్ ఒక్కటే కాదు. చేరాల్సిన తేదీకి చేరకపోతే కంపెనీ ఏమంటుందోనన్న భయం. అక్క మాట్లాడకుండా పిల్లలను దగ్గరికి తీసుకుని కూర్చుంది. బావ మాత్రం నవ్వడానికి ప్రయత్నిస్తూ, "దుబాయిల ఫోన్ చేస్తె వ్యానే వస్తది బామ్మర్దీ. ఆడి ఎండకు బ్యాటరీ రెండేండ్లు ఉంటె గొప్ప" అన్నాడు.

గంటా పది నిమిషాలకు కోరుట్ల వైపు నుంచి ఒక కుర్రాడు మోటారు సైకిల్ మీద వచ్చాడు. వెనక సీటుకు గోనెసంచిలో బ్యాటరీ కట్టి ఉంది. దిగగానే అతడు సంచి విప్పలేదు. ముందు మీటరు తీశాడు. 10.4 అని చూపింది. టెర్మినళ్ల మీది తెల్లటి పొడి గోకి, బిగించి, మళ్లీ చూశాడు. అదే అంకె. తన దగ్గరున్న బూస్టరు తగిలించి ఇంజను లేపాడు. నడుస్తుండగా మళ్లీ మీటరు పెడితే 14.1. "ఆల్టర్నేటరు మంచిగనే ఉన్నది సార్. బ్యాటరీల ఒక సెల్లు పోయింది. ఇట్లనే పోతమంటె పోవచ్చు గని, ఏడ ఇంజను బంద్ చేస్తె ఆడ్నే నిలబడ్తది. నమ్మకం లేదు. మారుస్తనంటె మారుస్త. మీ ఇష్టం" అన్నాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంజను లేపినందుకు పైసా అడగలేదు. అది పాలసీలోనే ఉంది. బ్యాటరీ ఖర్చు మాత్రం మనదే. సాధారణంగా ఇలాంటి పాలసీలలో అంతే, సేవ వాళ్లది, సామాను ధర మనది. పట్టణంలో పగటిపూట 5,200 రూపాయలకు దొరికే బ్యాటరీకి ఆ రాత్రి 6,700 పడింది. అంటే పదిహేను వందలు అదనం. అద్దె కారు మాట్లాడితే అంతకు మూడింతలు పోయేది, పాడైన బ్యాటరీ పాడైనట్టే ఉండేది. పైగా విమానాశ్రయం నుంచి అక్క, పిల్లలు అదే కారులో అర్ధరాత్రి తిరిగి రావాలి. బావ మారు మాట్లాడకుండా వేయించాడు. విమానం అందింది. ఆ పదిహేను వందలు సార్థకమే అని నేనిప్పటికీ అంటాను.

ఇంతటితో ఆపితే ఈ వ్యాసం ప్రకటనలా తయారవుతుంది. రెండో ముచ్చట కూడా వినండి. నాకు తెలిసిన ఒక లెక్చరరు గారి కారు పట్టపగలు, ఇంటి ముందే ఆగింది. ఆయన కూడా ఇలాగే ఇంకొక నంబరుకు ఫోన్ చేశారు. వచ్చినాయన మీటరు జేబులోంచి తీయలేదు. బానెట్ ఎత్తి, "సార్, ఇది అయిపోయింది" అని తీర్పు చెప్పి, కొత్తది బిగించి, పాతది పట్టుకుపోయాడు. వారం తిరక్కుండానే కొత్తదీ చల్లబడింది. అసలు రోగం ఆల్టర్నేటరులో ఉంది. బ్యాటరీకి ఛార్జింగే అందడం లేదు. పాతది ఇంకా పనికొచ్చేదేమో చూద్దామంటే అది ఇంట్లో లేదు. తొందర లేనిచోట తొందరకు ధర చెల్లించడం అంటే ఇదే.

రెండు చోట్లా జరిగింది ఒకే పని. తేడా మీటరులో ఉంది, అవసరంలో ఉంది. రోడ్డు మీద మనం కొనేది నిజానికి బ్యాటరీ కాదు; అది దుకాణంలో ఇంకా చవక. మనం కొనేది సమయం, దానితోపాటు తెలిసినవాడి పరీక్ష. ఆ రెండూ దొరికితే డబ్బు దండగ కాదు. ప్రయాణం ఆగకూడనిదైతే, రాత్రయితే, వెంట పిల్లలో ముసలివాళ్లో రోగులో ఉంటే అక్కడే మార్పించండి. పగలైతే, పట్టణం దగ్గరైతే, ఇంజను మాత్రం లేపించుకుని, నేరుగా దుకాణానికి వెళ్లి నాలుగు ధరలు అడిగి కొనండి.

మార్పించేటప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పాత బ్యాటరీ వోల్టేజి ఎంత, ఇంజను నడుస్తుండగా ఎంత అన్నవి మీ కళ్లతో చూడండి. కొత్తదాని తయారీ తేదీ చూడండి. నెలల తరబడి అలమారలో మగ్గినది వద్దు. వారంటీ కార్డు మీద తేదీ, కారు నంబరు, ముద్ర ఉండాలి. ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారు, ఎన్ని నెలలు తగ్గింపు ధరకిస్తారు అన్నవి వేర్వేరు సంగతులు. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఆగి లేచే రకం కారైతే, దానికి తగిన ప్రత్యేకమైన బ్యాటరీయే వేయాలి. పాత బ్యాటరీకి వెల కట్టి బిల్లులో తగ్గించమనండి. అందులోని సీసం మళ్లీ కరిగించి వాడుకునేదే. పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. చెత్తకుప్పలో మాత్రం పారేయకండి.

ఆ రాత్రి కుర్రాడికి టీ ఇప్పిస్తూ, ఒక్కో పిలుపుకు ఎంత గిట్టుతుందని అడిగాను. "గిట్టేది బ్యాటరీ అమ్మితేనే సార్. ఉత్తగ స్టార్ట్ చేసి పంపితె పెట్రోలు కర్సుకే సరి" అన్నాడు. అయినా మీటరు తీసి, నిజం చెప్పి, మీ ఇష్టమన్నాడు. అమ్మితేనే లాభమున్న చోట అమ్మకముందు పరీక్ష చేసేవాడు దొరకడం అదృష్టం. ప్రతిసారీ అదృష్టం మీద ఆధారపడలేం గనుక, మూడు నాలుగు వందల రూపాయలు పెట్టి ఒక మల్టీమీటరు కొని డిక్కీలో పడేసుకోండి. దానితోపాటు మందపాటి జంపర్ కేబుళ్లు కూడా. గల్ఫుకు పోయే అన్నలు, బావలు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి పోతే ఇంకా మేలు. అందుకు కావలసింది ఒక పది నంబరు పానా, రెండు నిమిషాల తీరిక.