మా మాటల బరువు

గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన మా తమ్ముడు కోరుట్లలోని ఇంట్లో మూడు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గోడ వెనుక ఎవరో తనను తిడుతున్నారనేవాడు. చివరకు జగిత్యాలలోని మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన ఒలాంజపిన్ మాత్రలు రాశారు. రెండు నెలలు తిరిగేసరికి తమ్ముడు ఫజ్ర్ నమాజుకు తానే లేచి మస్జిద్‌కు వెళ్ళాడు. ఆ ఉదయం అమ్మీ చేసిన షుక్రానా సజ్దాను మేము ఎన్నటికీ మరువలేము.

కాని అతనిలో ఆకలి కూడా మేల్కొన్నది. అర్ధరాత్రి వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించేది. అయిదు నెలలలో 58 కిలోల మనిషి 74 కిలోలయ్యాడు. వలీమా విందులో అతని పళ్ళెం వైపు చూసి నవ్విన వారిలో మేమూ ఉన్నాము. సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపే మామూ అదే మాత్రను ఆరేండ్లుగా వాడుతున్నా సన్నగానే ఉన్నారు. "మామూకు లేని బరువు నీకెందుకు?" అని నిలదీశాము.

తమ్ముడు బదులు చెప్పలేదు. మాకు తెలియకుండా మాత్రలు మానివేశాడు. కొన్ని వారాలకే గోడ వెనుక గొంతులు తిరిగి వచ్చాయి.

వైద్యుడు మమ్మల్ని కూర్చోబెట్టి వివరించారు. ఈ తరగతి మందులలో క్లోజపిన్, ఒలాంజపిన్ బరువును ఎక్కువగా పెంచుతాయి. అవి మెదడులో ఆకలిని అదుపు చేసే ఏర్పాట్లకు అడ్డుతగులుతాయి. అయితే అందరిలో ఒకే మేరకు కాదు; అందులో వారసత్వానికి పెద్ద పాత్ర ఉన్నదని కవలలపై జరిగిన పరిశీలనలు సూచించాయి. హెచ్‌టీఆర్2సీ అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నవారు తక్కువ బరువు పెరిగినట్లు 2002లో ఒక పరిశోధన తెలిపింది. ఎంసీ4ఆర్ జన్యువు సమీపంలోని మరో మార్పు అధిక బరువుతో ముడిపడి ఉన్నట్లు 2012లో వెల్లడైంది. మొదటి జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. కుమారునికి అది తల్లి నుండే వస్తుంది.

అమ్మీ తలదించుకున్నది. "అయితే ఇది నా వల్లనేనా, డాక్టర్ సాబ్?"

"కాదమ్మా. సన్నగా ఉన్న మీ తమ్ముడిదీ మీ పుట్టింటి రక్తమే కదా! ఇది ఎన్నో జన్యువులు కలిసి చేసే పని. బిడ్డకు ఏది ఇవ్వాలో ఎంచుకున్న తల్లి ఎవరూ లేరు" అన్నారాయన.

మాతృగర్భంలో రూపమిచ్చేవాడు అల్లాహ్‌యేనని విశ్వసించే మేము, ఆయన ఇచ్చిన దేహాన్ని ఎగతాళి చేశాము. పరులను ఎగతాళి చేయరాదని హెచ్చరించే హుజురాత్ సూరాను ఎన్నిమార్లు పఠించలేదు మేము! ఆ రాత్రే తమ్ముణ్ణి మాఫీ కోరాము.

వైద్యుడు మందును క్రమక్రమంగా అరిపిప్రజోల్‌కు మార్చారు. ప్రతి నెలా బరువు, నడుము కొలత చూస్తున్నాము. వైద్యుడు చెప్పినప్పుడల్లా రక్తంలో చక్కెర పరీక్ష చేయిస్తున్నాము. జొన్నరొట్టె అతనికొక్కడికే కాదు, ఇంటిల్లిపాదికీ. అస్ర్ తరువాత ఎవరో ఒకరం అతనితో నడుస్తాము. రమజానుకు ముందే మాత్రల వేళలు వైద్యునితో మాట్లాడుకున్నాము. ఇప్పుడు 69 కిలోలు. గొంతులు మళ్ళీ వినిపించలేదు, అల్‌హందులిల్లాహ్.

మీ ఇంట్లోనూ ఇటువంటి బిడ్డ ఉండవచ్చు. బరువు పెరిగితే వైద్యునికి చెప్పండి; మందును మాత్రం మీ అంతట మీరు మాన్పించకండి. అతని పళ్ళెంలోకి చూసే ముందు మన నాలుకను చూసుకుందాము.