థైరాయిడ్ మాత్ర మానేస్తే మనసు కుంగుతుంది

మెడ ముందు భాగంలోని థైరాయిడ్ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ మీదే ఒంట్లో కణాల పనివేగం ఆధారపడి ఉంటుంది. మెదడుకు మినహాయింపు లేదు. ఈ హార్మోన్ తగ్గితే ఆలోచన మందగిస్తుంది. దిగులు, మతిమరుపు, ఎంత పడుకున్నా తీరని మత్తు మొదలవుతాయి. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, కంగారు, చీటికీమాటికీ కోపం. బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1949లోనే, థైరాయిడ్ బాగా తగ్గి మతి చలించిన 14 మంది గురించి రాశాడు. థైరాయిడ్ మందుతో వారిలో చాలామంది కోలుకున్నారు.

ఇంత తెలిసిన జబ్బులోనూ వైద్యులను పదేపదే బాధపెట్టేది, రోగులు థైరాక్సిన్ మాత్ర మానేయడం. కొన్ని వారాలు వాడేసరికి ముఖం తేటపడుతుంది, పరీక్షలో అంతా నార్మల్ అని వస్తుంది. తగ్గిపోయింది కదా, ఇంకా మందెందుకని ఆపేస్తారు. నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లే. ఒంట్లోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది కాబట్టి, మానేసిన మర్నాడు ఏమీ తెలియదు, ఆ వారమూ తెలియదు. నెలా రెండు నెలలకు దిగులు కమ్ముకునేసరికి అసలు కారణం ఇంట్లో ఎవరికీ తట్టదు. కోడలైతే బద్ధకమంటారు, చదువుకునే పిల్లయితే పరీక్షల భయమంటారు. చివరికి ఆమె కూడా తప్పు తనదేననుకుంటుంది. స్టవ్ వెలిగించి ఏం వండాలో మరిచిపోయే మనిషికి కావలసింది తిట్లు కాదు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే రక్తంలో పెరిగే హార్మోన్) పరీక్ష.

కాన్పయిన ఏడాదిలోపు కొందరికి ఈ గ్రంథి వాస్తుంది. మొదట హార్మోన్ ఎక్కువై కంగారు, తర్వాత తగ్గి ఏడుపు. గాలి సోకిందని బాలింతకు తాయెత్తు కట్టించి నెలలు పోగొట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. తాయెత్తు కట్టినా సరే, రక్తపరీక్ష మాత్రం ఆలస్యం చేయకూడదు. చాలామందిలో ఈ వాపు దానంతటదే సర్దుకుంటుంది.

బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం కూడా థైరాయిడ్‌ను తగ్గించవచ్చు. అందుకే ఆర్నెల్లకోసారి పరీక్ష చేస్తారు. తగ్గితే సాధారణంగా థైరాక్సిన్ జోడిస్తారు. భయపడి లిథియాన్ని సొంతంగా ఆపితే అసలు జబ్బు తిరగబెట్టవచ్చు.

అలాగని ప్రతి దిగులూ థైరాయిడ్ కాదు. థైరాయిడ్ అని నలుగురిలో చెప్పుకోవచ్చు, డిప్రెషన్ అని చెప్పుకోలేరు. ఆ సిగ్గుతోనే టీఎస్‌హెచ్ కాస్త పెరిగినా నెపం దాని మీదకు నెట్టి, మనసు మందులు మానేస్తారు. హార్మోన్ సరైన స్థాయికి వచ్చాక కూడా దిగులు వదలకపోతే దానికి విడిగా వైద్యం కావాలి. అది ఏ జ్వరానికీ తీసిపోని జబ్బు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతో, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. మోతాదు మారిస్తే 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగకూడదు. ఆ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.