హెచ్చెస్సార్ లేఅవుట్‌లో నువ్వుల పొడి

హిందూపురం దాటాక స్టేషన్ బోర్డుల మీద కన్నడం మొదలవుతుంది. గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక, ఆ తర్వాత బెంగళూరు. స్టేషన్‌కు క్రాంతివీర సంగొళ్లి రాయణ్ణ అని పెద్ద పేరుంది గానీ ఎవరినడిగినా ‘మెజెస్టిక్’ అనే అంటారు. మా మేనకోడలు అక్కడ ఉద్యోగం చేసుకుంటూనే స్నేహితురాలితో కలిసి ఇంట్లో చేసిన పొడులు అమ్ముతోంది. ఆర్డర్లు రాసుకునే మనిషే లేడట. ‘‘అంతా దానంతటదే జరిగిపోతుంది మామా, వచ్చి చూడు’’ అంది. మా అనంతపురంలో చిన్న కిరాణా కొట్టుకైనా చిట్టీ పట్టుకుని పరుగెత్తే కుర్రాడుంటాడు. మరి ఇదేమిటో చూద్దామని బయల్దేరాను.

మెజెస్టిక్‌లో మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి, ఆర్వీ రోడ్డులో దిగి, 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్ పట్టుకుంటే మేనకోడలుండే హెచ్చెస్సార్ లేఅవుట్. అంతవరకు హాయిగానే ఉంది. మా ఊళ్లో అడ్రసంటే టవర్ క్లాక్ పక్క సందు, ఫలానావారి ఇంటి ఎదురు. ఇక్కడ సెక్టారు, మెయిను, క్రాసు, అన్నీ అంకెలే. తిరిగి తిరిగి, వచ్చీరాని కన్నడంలో ఒక ఆటో ఆయన్ని అడిగాను. ఆయన కాసేపు ఓపిగ్గా విని, ‘‘తెలుగులో చెప్పండి సార్, మాది మదనపల్లి’’ అన్నాడు. మీరు వెళ్తే ముందే తెలుగులో అడిగి చూడండి.

మేనకోడలు ఇంటికన్నా ముందు దర్శిని అనే టిఫిన్ హోటల్‌కు తీసుకెళ్లింది. నిలబడే తినాలి. ఒకే ప్లేటులో ఒక ముద్ద ఖారాబాత్, ఒక ముద్ద కేసరిబాత్. పేరు చౌచౌ బాత్. పైగా సాంబారూ తీపే! ఉగ్గాని, బజ్జీలతో పెరిగిన నాలుక కాసేపు తికమకపడింది. అయినా ఇంకో కూపన్ కొన్నాను. ముందు డబ్బు కట్టాలి, వాళ్లిచ్చిన కూపన్ కౌంటర్ మీద పెట్టాలి, మాటా మంతీ లేకుండా ప్లేటు వచ్చేస్తుంది. ‘‘మా వ్యాపారమూ ఇంతే మామా, కూపన్ మోసేది కంప్యూటరు’’ అంది.

ఇంటికెళ్లాక ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద చిన్న చిన్న పెట్టెలు, వాటిని కలుపుతూ గీతలు. ఈ సాఫ్ట్‌వేర్ పేరు ఎన్ఎయిట్ఎన్. సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌లో పనిచేసిన యాన్ ఓబర్‌హౌజర్ 2019లో బెర్లిన్‌లో మొదలుపెట్టాడు. ఇలాంటివే అమెరికాలో జాపియర్, మన చెన్నైవాళ్ల జోహో ఫ్లో ఉన్నాయి. కొనేవాళ్లు రేజర్‌పేలో డబ్బు కట్టగానే మొదటి పెట్టెకు కబురొస్తుంది. వెబ్‌హుక్ అంటారు దాన్ని. ఒకే కబురు రెండుసార్లు కూడా రావచ్చట! అందుకని ఆ ఆర్డర్ ఇప్పటికే రాసి ఉందా అని రెండో పెట్టె చూస్తుంది. చూడకపోతే ఒకే మనిషికి రెండు పొట్లాలు పోతాయి. తర్వాత గూగుల్ షీట్‌లో ఒక వరుస చేరుతుంది, కొన్నవాళ్లకు వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది. రేజర్‌పేకు ఆ షీట్ సంగతి తెలియదు, షీట్‌కు వాట్సాప్ సంగతి తెలియదు. నాకు అన్నిటికన్నా వింతగా తోచింది అదే.

పొద్దున ఆరింటికి ఆ రోజు కట్టాల్సిన పొట్లాల జాబితా ఇద్దరి ఫోన్లకూ వస్తుంది. మీరూ ఎన్ఎయిట్ఎన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ముందు దాని గడియారం చూసుకోండి. మనం మార్చేదాకా అది న్యూయార్క్ టైములో ఉంటుంది. పొద్దుటి జాబితా మనకు మధ్యాహ్నం మూడున్నరకో, చలికాలమైతే నాలుగున్నరకో వస్తుంది.

ఉత్సాహం ఆగక నా ఫోన్‌లోంచి పావుకిలో నువ్వుల పొడికి ఆర్డర్ పెట్టి, అనంతపురం ఇంటి అడ్రసు ఇచ్చాను. పెట్టెలు ఒక్కొక్కటే పచ్చబడుతూ పోయాయి. ఒకచోట గీత రెండుగా చీలుతుంది: పిన్‌కోడ్ 560తో మొదలైతే బైకు, కాకపోతే కొరియర్. నాది 515. వంటగదిలో పొడి డబ్బా నిండుగా ఉంది. ‘‘ఇక్కడే ఉన్నాగా, చేతికిచ్చెయ్యమ్మా’’ అన్నాను.

‘‘ఇస్తే షీట్‌లో లెక్క తప్పుతుంది మామా’’ అంది.

నేను రాత్రి బండికి తిరిగొచ్చేశాను. పొడి కొరియర్‌లో వస్తోందని వాట్సాప్ చెబుతోంది.